శేషాచలం కొండల్లో వారం రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతికి వచ్చేవాళ్ళలో చాలామంది రాత్రి దిగి, దర్శనం చేసుకుని, లడ్డూలు పట్టుకుని మర్నాటి బండెక్కేస్తారు. గుడి చుట్టూ ఉన్న అడవి వాళ్ళకి బస్సు కిటికీలోంచి కనబడేంతే. ఈ మధ్య మాత్రం బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఫోన్ చేసి కొండల్లో నాలుగు రోజులు నడవాలని ఉంది, ఎట్లా రావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు. ఆ మాట వింటే నాకెంత సంతోషమో. అందరూ ఇంచుమించు ఒకటే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేషనల్ పార్కు అంటే తిరుమల కొండలేనా? వేరే చోటుందా?

ఇవే కొండలు. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కును 1989లో ప్రకటించారు. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో చిత్తూరు, కడప జిల్లాల్లో ఉండేది, 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి, అన్నమయ్య జిల్లాల లెక్కలోకి వచ్చింది. దీన్ని కలుపుకుని ఇంకా చాలా పెద్ద అడవిని 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా (జీవావరణ రక్షిత ప్రాంతంగా) గుర్తించారు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి బయోస్ఫియర్ రిజర్వు ఇదే.

ఊటీ, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండలు మనసులో పెట్టుకుని రాకండి. ఇది తూర్పు కనుమల ఎండు అడవి. రాయి ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఆ తక్కువ నీళ్ళే కోనల్లోకి దిగి తీర్థాలయ్యాయి. నడిచేవాడికి ఈ అడవి ఇచ్చే ఆనందమంతా ఎండురాతి మీద నడిచి నడిచి నీళ్ళున్న కోనలోకి దిగడంలోనే ఉంది.

వారం నిజంగా కావాలా? రెండు రోజుల్లో అవదా?

దర్శనం అవుతుంది, కొండ అవదు. నేను చెప్పే వరస ఇది. మొదటి రోజు తిరుపతిలోనే ఉండి కపిలతీర్థం, సాయంత్రం వీలుంటే జూపార్కు. రెండో రోజు పొద్దున్నే శ్రీవారి మెట్టు ఎక్కి పైన బస. మూడో రోజు తిరుమలలో శిలాతోరణం, చక్రతీర్థం, జాపాలి, ఆకాశగంగ, పాపవినాశనం. నాలుగో రోజు అలిపిరి దారిన దిగి, మధ్యాహ్నం నుంచి పూర్తి విశ్రాంతి. దిగడమే కదా అనుకుంటారు గానీ ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే దిగడం మోకాళ్ళని పరీక్షిస్తుంది. ఐదు, ఆరు రోజులు తలకోనలో. ఏడో రోజు తిరిగొచ్చే దారిలో చంద్రగిరి కోట.

కొండ మీద గదులు ఒక్కరోజుకి మించి దొరకడం కష్టం. అందుకని తిరుపతిలో గది తీసుకుని, తిరుమలలో గది దొరికినన్ని రాత్రులు, తలకోనలో రెండు రాత్రులు గడిపేలా చూసుకోండి. తిరుమల గది, దర్శనం టికెట్టు రెండూ దేవస్థానం వెబ్‌సైటులో ముందుగానే బుక్ చేసుకోవాలి. ఇవి దొరికిన తేదీని బట్టే మిగతా రోజులు అమర్చుకోండి.

ఏ నెలల్లో రావాలి?

డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా. మాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అవి తగ్గాక జలపాతాల్లో ధార ఉంటుంది, దారులు ఆరి ఉంటాయి, మధ్యాహ్నం కూడా నడవొచ్చు. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఆ నెలల్లో రాత్రిపూట స్వెట్టరు, కంబళి కావాల్సిందే.

నవంబరులో వస్తే జలపాతాలు మహా జోరుగా ఉంటాయి, కానీ వాయుగుండం పట్టిందంటే అన్నీ మూసేస్తారు. 2021 నవంబరు వానలకి ఘాట్ రోడ్లు, నడకదారులు ఎంత దెబ్బతిన్నాయో చూసిన ఊరు మాది. రుతువు బాగుందని కాకుండా ఆ వారం వాతావరణం చూసుకుని బయల్దేరండి.

మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా అడవిలో నడకకి రావద్దు. తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, వాగులు ఎండిపోతాయి, ఆకు రాలి నిప్పుకి సిద్ధంగా ఉంటుంది. కొండ మీద కార్చిచ్చు పడేదీ అప్పుడే.

అడవిలో ట్రెకింగ్‌కి అనుమతి కావాలా? యూట్యూబ్‌లో చాలామంది ఊరికే వెళ్ళిపోతున్నారే?

కావాలి. ఈ ఒక్క జవాబు మాత్రం జాగ్రత్తగా చదవండి.

అలిపిరి, శ్రీవారి మెట్టు, తిరుమలలో అందరూ వెళ్ళే తీర్థాలు, తలకోనలో టికెట్టు తీసుకుని వెళ్ళే చోట్లు – వీటికి వేరే అనుమతి అక్కర్లేదు. ఇవి దాటి అడవిలోకి ఒక్క అడుగు వెయ్యాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి, వాళ్ళు చూపించిన మనిషి వెంట ఉండాలి. తిరుపతిలోని అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళి ఎక్కడికి, ఎంతమంది, ఎప్పుడు అని చెప్పి రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ చోటు వదిలెయ్యండి.

ఇంత పట్టింపు ఎందుకంటే ఇది ఎర్రచందనం అడవి. ఈ చెట్టు కోసం దశాబ్దాలుగా దొంగలకీ అధికారులకీ మధ్య జరుగుతున్నది చిన్న గొడవేమీ కాదు. దీనికోసం ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్ తిరుపతిలో ఉంది. రాత్రిపూట అడవిలో సంచులతో, టార్చిలతో తిరిగే గుంపు కనిపిస్తే వాళ్ళు ట్రెకింగ్‌కి వచ్చారో, నరకడానికి వచ్చారో దూరం నుంచి తెలియదు. కేసు పెడితే అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండూ వర్తిస్తాయి. పైగా దారి తప్పితే మీరు లోపల ఉన్నారని తెలిసినవాళ్ళే ఉండరు. మామండూరు నుంచి తిరుమలకి అన్నమయ్య నడిచిన దారని చెప్పే కాలిబాట మీద చాలామందికి ఆశ. నాకూ ఇష్టమైన దారే. అయినా దాన్ని అనుమతి ఉన్న సందర్భాల్లోనే తొక్కాలి.

అలిపిరి, శ్రీవారి మెట్టు – ఏది ఎక్కాలి?

శ్రీవారి మెట్టు పొట్టిది, నిట్టనిలువుది. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలవాటున్నవాళ్ళు గంటన్నరలో, మామూలువాళ్ళు రెండున్నర గంటల్లో ఎక్కేస్తారు. శ్రీనివాసమంగాపురం దాటి వెళ్ళాలి. చీకటి పడ్డాక అనుమతించరు.

అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. అక్కడ చెమట తుడుచుకుని కూర్చుంటే కింద తిరుపతి మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత చాలాదూరం సమతలంగా, జింకల పార్కు పక్కగా సాగుతుంది. అయిపోయిందిలే అనుకునేసరికి మోకాళ్ళ పర్వతం వస్తుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. అక్కడ మెట్టుకో గోవింద వినబడుతుంది, ముసలమ్మలు మోకాళ్ళ మీద ఎక్కుతుంటారు, మీ అలసట గుర్తురాదు.

నా సలహా శ్రీవారి మెట్టు ఎక్కి, అలిపిరి దిగమని. బ్యాగులు మోయక్కర్లేదు, రెండు దారుల్లోనూ కింద ఇస్తే దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. చెప్పులు కూడా బ్యాగులోనే పెట్టి ఎక్కేవాళ్ళు ఎక్కువ. కొత్తవాళ్ళు ఎండెక్కకముందే ఎక్కడం మొదలుపెట్టండి, మధ్యాహ్నం రాయి కాలుతుంది.

పిల్లలతో నడకదారిలో వెళ్ళొచ్చా? చిరుతలున్నాయంటున్నారు.

ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకెళ్ళి చంపింది. ఆ తర్వాత పిల్లలున్నవాళ్ళకి నడకదారిలో వేళలు కట్టడి చేశారు, భక్తుల్ని గుంపులుగా పంపారు, చేతికర్రలు ఇచ్చారు. వేళలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు నియమం ఏమిటో అలిపిరిలోనే అడగండి.

నేనైతే పిల్లలున్నవాళ్ళని పొద్దున ఆరు, పది గంటల మధ్యే నడవమంటాను. పిల్లాడు ముందు పరిగెత్తడం, వెనకబడి మెట్టు మీద కూర్చోవడం రెండూ కుదరవు. చెయ్యి వదలొద్దు. దారిపక్క జింకలకి తిండి పెట్టొద్దు. జింకలు దారికి మరిగితే వాటి వెనకే చిరుత వస్తుంది. మిగిలిన తిండి విసిరేస్తే కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం కూడా వస్తుంది.

ఏనుగుల సంగతి?

చిరుత కంటే నేను ఎక్కువ భయపడేది ఏనుగుకే. శేషాచలంలో గుంపులున్నాయి, తిరుమలలో పాపవినాశనం రోడ్డు వైపు కూడా వస్తుంటాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద అప్పట్లో అన్నమయ్య జిల్లాలో ఉన్న గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి. ప్రాణాలు పోయాయి. తెల్లవారుజామున, చీకటిలో అడవిదారి నడవొద్దని చెప్పేది అందుకే. దారిలో తాజా పేడ, విరిచిన వెదురు కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఫోటో కోసం ఆగొద్దు.

దర్శనం కాక తిరుమలలో నడవడానికి ఏముంది?

ఒక రోజంతా సరిపోయేంత ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రాళ్ళు.

ఘాట్ రోడ్డులో వస్తున్నప్పుడు కొండ కోసిన చోట గమనించండి. అడుగున గ్రానైటు జాతి రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైటు. ఆ రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర మధ్యలో తప్పిపోయిందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. కింది రాయి అరిగి అరిగి, ఆ తర్వాత నీళ్ళు వచ్చి, ఇసుక పేరుకుని పై రాయి అయింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. రోజూ వేలమంది దాని ముందు నుంచే వెళ్తుంటారు, తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ. డ్రైవరుకి ముందే చెప్పి పెట్టుకోండి. ఘాట్‌లో ఎక్కడంటే అక్కడ ఆపనివ్వరు కాబట్టి నెమ్మదిగా పొమ్మంటే చాలు.

శిలాతోరణం ఆ పై రాయిలోదే. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న సహజమైన కమాను. రెండు రాళ్ళని కలిపే సన్నటి రాతి భాగాన్ని గాలీ వానా ఎట్లా చెక్కాయో కంచె బయట నిలబడి చూడొచ్చు. దానికి దగ్గర్లోనే చక్రతీర్థం. చుట్టుపక్కల పలకరాళ్ళని వంగి చూస్తే వాటి మీద సన్నగా అలలు తేరిన గుర్తులు కనిపిస్తాయి. అవి ఒకప్పటి నీటి అంచున ఇసుక మీద పడ్డ అలలవి. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బాగా తేలతాయి. మా మేనకోడలు ఆ గుర్తుల మీద వేలు పెట్టి చివరిదాకా గీసింది, పక్కనున్నవాళ్ళు కూడా వంగి చూశారు.

జాపాలి దారి చెట్ల కింద మెట్ల నడక. పెద్ద కష్టం లేదు. ఆకాశగంగ, పాపవినాశనం దాకా బస్సులున్నాయి. నారాయణగిరి మీది శ్రీవారి పాదాల దగ్గరికి వెళ్తే గుడి, మాడవీధులు కిందుగా కనిపిస్తాయి.

తుంబురు తీర్థం వెళ్ళాలని ఉంది. ఎప్పుడైనా వెళ్ళొచ్చా?

మామూలు రోజుల్లో కుదరదు. ఏడాదికోసారి ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తుంబురు తీర్థ ముక్కోటి అప్పుడు పాపవినాశనం నుంచి పంపిస్తారు. కుమారధారకి మాఘ పౌర్ణమి, రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి. శేషాచలం లోపలి అడవిని మామూలు మనిషి చట్టబద్ధంగా చూడగలిగే రోజులివి. వారం సెలవు పెట్టేటట్టయితే వీటిలో ఒకదాని చుట్టూ పెట్టుకోండి.

తుంబురు దారి రాళ్ళమీద ఎక్కుడు దిగుడు. చివర్లో రెండు పక్కలా గోడల్లా లేచిన కొండల మధ్య సన్నటి చీలికలోకి, నీళ్ళలోకి దిగి నడవాలి. తల ఎత్తితే ఆకాశం ఒక గీతంత. తరిగొండ వెంగమాంబ ఏళ్ళ తరబడి తపస్సు చేసుకున్న కోన ఇది. గుండెజబ్బు, ఆయాసం, స్థూలకాయం ఉన్నవాళ్ళు రావద్దని దేవస్థానమే ప్రతిసారీ ప్రకటిస్తుంది. ఆ మాట వినండి.

తలకోనకి ఎట్లా వెళ్ళాలి, అక్కడ ఏం చెయ్యాలి?

తిరుపతి నుంచి చంద్రగిరి, భాకరాపేట, నెరబైలు మీదుగా యాభై అరవై కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే బస్సులు తక్కువ. భాకరాపేటలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, కానీ తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోండి. భాకరాపేట ఘాట్ మలుపులు ప్రమాదకరం. సొంత కారైతే చీకటి పడకముందే దాటాలి.

అక్కడ బస చెయ్యండి. పర్యాటక శాఖ, అటవీశాఖ గదులున్నాయి. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకి దొరికేది రద్దీ, ప్లాస్టిక్ ప్లేట్లు, స్పీకర్ల మోత. అదే గేటు మూసాక, మళ్ళీ తెల్లవారి బస్సులు రాకముందు ఉన్న తలకోన వేరు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర మర్రిచెట్ల కింద కూర్చుంటే బెట్టుడుతలు కొమ్మ మీంచి కొమ్మకి దూకుతుంటాయి. పిల్లి అంత ఉంటుంది ఒక్కోటి, తోక ఒంటికంటే పొడుగు. ముందు అరుపు వినబడుతుంది, తర్వాత కొరికి పడేసిన కాయ తొక్కలు మన మీద పడతాయి, ఆఖరికి ఉడుత కనిపిస్తుంది.

జలపాతం సుమారు 270 అడుగులు, రాష్ట్రంలో ఇదే ఎత్తైనదంటారు. గుడి నుంచి రాళ్ళ మధ్యగా నడక. దారిలో గిల్లతీగ చూడండి. చెట్టు కాండమంత లావున మెలి తిరిగి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పాకిపోతూ ఉంటుంది. దాని కాయ మూరకి మించి పొడుగు పెరుగుతుంది. గింజ నున్నగా, గోధుమరంగులో, అరచేతిలో పట్టేంత ఉంటుంది. కిందపడ్డది చూసి అక్కడే పెట్టెయ్యండి. తీగ ఎక్కి ఊగుతూ ఫోటోలు దిగడం మానండి, దాని వయసు వందల ఏళ్ళంటారు. కొమ్మల మధ్య కట్టిన తాళ్ళ వంతెన తెరిచి ఉందో లేదో గేటు దగ్గరే అడగండి.

జలపాతం కింద గుండంలో ఈత కొట్టొచ్చా?

వద్దు. ధార కింద, కాలు ఆనే చోట తడవండి, అంతవరకే. తలకోనలోనూ, తడ దగ్గరి ఉబ్బలమడుగులోనూ ఈతకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళున్నారు. ఈత వచ్చినవాళ్ళే వాళ్ళలో చాలామంది. గుండం అడుగున రాతి సందులుంటాయి, కాలో తలో ఇరుక్కుంటే పైకి రాలేరు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు ఎర్రబడి ఒక్కసారిగా పెరుగుతాయి. నీటి రంగు మారిందంటే బట్టలు చెప్పులు వదిలేసి గట్టెక్కండి.

ఎర్రచందనం చెట్టుని గుర్తుపట్టడం ఎట్లా?

బెరడు చూడండి. నల్లగా, లోతైన చీలికలతో, చిన్న చిన్న పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఆకు సాధారణంగా మూడేసి గుండ్రటి రేకులు. కాయ బిళ్ళలాగా, చుట్టూ పలచటి అంచుతో గాలికి ఎగిరే రకం. పై నుంచి చూస్తే మామూలు అడవిచెట్టే, ఎరుపంతా లోపలి చేవలో. వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకోకండి, చందనం వాసన దీనికి లేదు. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన దక్షిణ తూర్పు కనుమల్లోని ఈ కాసిని కొండల్లోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. నరికిన చెట్టుకి బదులు చేవ పట్టిన చెట్టు రావాలంటే దశాబ్దాలు పడుతుంది. మొద్దు ఒకటి కనిపిస్తే, అది మన జీవితకాలంలో తిరిగి రావడం కష్టమని గుర్తుంచుకోండి.

ఇంత అపురూపమైనవి ఇంకా ఉన్నాయి. పెరిత అని పిలిచే సైకాస్ మొక్క ఈ కొండలది, ఈతమొక్కలా కనిపిస్తుంది. తెల్లకరక, మొగి, జాలారి చెట్లు కూడా చూపించమని గైడుని అడగండి.

బంగారు బల్లి నిజమేనా? కలివికోడి కూడా కనిపిస్తుందా?

బంగారు బల్లి నిజమే. బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి 1870లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. చల్లటి, తేమ ఉండే రాతి సందుల్లో, వాగుల పక్కన ఉంటుంది. బయటికొచ్చేది రాత్రిపూట. కాబట్టి చూడటం కంటే దాని అరుపు వినే అవకాశమే ఎక్కువ. రాళ్ళ సందుల్లో టార్చి వేసి, పుల్ల పెట్టి కదిలించొద్దు.

కలివికోడి ఇక్కడ ఉండదు. అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది కడప జిల్లా లంకమల వైపు పొదల నేలలో. ఇక్కడ పిట్టల కోసం వచ్చేవాళ్ళు పసుపు గొంతు పిగిలిపిట్టని వెతకండి, రాతి గుట్టల పొదల్లో పొద్దున్నే దొరుకుతుంది.

నడవలేని పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళకేం చూపించాలి?

చంద్రగిరి కోట. రాజమహల్ కలప వాడకుండా ఇటుక, సున్నం, రాయితో కట్టింది. విజయనగర రాజులు చివరి కాలంలో ఇక్కడి నుంచే పాలించారు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, ముందు పచ్చిక మీద కూర్చోవచ్చు, వెనక కొండ కనిపిస్తుంది. తిరుపతి జూపార్కు 1987 నాటిది, కొండ పాదాన చాలా విశాలంగా ఉంటుంది, లోపల తిరగడానికి వాహనాలున్నాయి. కడప రోడ్డులో కరకంబాడి దాటాక మామండూరు అటవీ బంగళా కూడా వాళ్ళకి నచ్చుతుంది. వానలు పడ్డాక కపిలతీర్థంలో ధార చూడటానికి అయితే బండి దిగి నాలుగడుగులు చాలు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి? తిండి?

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టే స్టీలు సీసా, టోపీ, టార్చి, పాదం నిండా కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. తిరుమలకి ప్లాస్టిక్ సీసాలు, పొగాకు, మద్యం, మాంసం, డ్రోన్లు తీసుకెళ్ళకూడదు. తనిఖీలో తీసేస్తారు. అడవిలో అగ్గిపెట్టె మీ జేబులో ఉండకపోతేనే మేలు. సాయంత్రం గదికి రాగానే పిడుదుల కోసం చీలమండలు, మోకాళ్ళ వెనక చూసుకోండి.

కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తినండి, అంతకంటే మంచి భోజనం వెతకక్కర్లేదు. తలకోన దారిలో ఊళ్ళలో ముందు చెబితే రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, నాటుకోడి పులుసు చేసి పెడతారు. పొద్దున చెప్పి వెళ్తే మధ్యాహ్నానికి సిద్ధం.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా? పాము కరిస్తే?

కోనల్లో సిగ్నల్ ఉండదనుకుని బయల్దేరండి. ఎప్పటికి తిరిగొస్తారో గదిలోనో గేటు దగ్గరో చెప్పి వెళ్ళండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చెయ్యొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని రోడ్డుకి తెచ్చి, 108కి ఫోన్ చేసి, తిరుపతి రుయా ఆసుపత్రికి చేర్చండి.

తిరిగి వెళ్ళేటప్పుడు ఎర్రచందనం బొమ్మ కొనుక్కోవచ్చా?

లేపాక్షి ప్రభుత్వ హస్తకళల షాపులో కొని, బిల్లు తీసుకుని, ఊరు చేరేదాకా దాచుకోండి. రోడ్డు పక్కన చెక్కముక్క, పొడి అని అమ్మేవి ఎవరిచ్చినా వద్దు. ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్కపని చేసే కుటుంబాలున్నాయి. వేరే కలపతో చేసిన దేవుడి బొమ్మలు అక్కడే, చేసినవాళ్ళ చేతి నుంచే తీసుకోవచ్చు.